రైలు టికెట్ల సైటులో చౌక టికెట్టు ఎక్కడ దాగి ఉంటుంది

మా ఇంట్లోనూ చుట్టాల్లోనూ ఎవరు రైలెక్కాలన్నా టికెట్టు తీసే బాధ్యత చాలా ఏళ్ళుగా నా మీదే ఉంది. పెళ్ళికి కాకినాడ వెళ్ళాలన్నా, మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వెళ్ళాలన్నా, పెద్దవాళ్ళను కాశీకి పంపాలన్నా ముందు నాకే ఫోను వస్తుంది. అందువల్ల ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటును, దాని యాప్‌ను, 2025 జులై 1న రైల్వే శాఖ విడుదల చేసిన రైల్‌వన్ యాప్‌ను, వాటితోపాటు నాలుగైదు ప్రైవేటు యాప్‌లను నేను తరచుగా తెరుస్తూనే ఉంటాను. ఈ సమీక్ష ముఖ్యంగా ఐఆర్‌సీటీసీ గురించి, ఎందుకంటే రిజర్వేషన్ టికెట్టు ఏ యాప్‌లో కొన్నా చివరకు అది రైల్వే వారి రిజర్వేషన్ వ్యవస్థ నుంచే రావాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. 2002 ఆగస్టులో ఆన్‌లైన్ టికెట్లు మొదలైనప్పటి నుంచి ఈ సేవ మనకు చేసిన మేలు చిన్నది కాదు. తెల్లవారకముందే వెళ్ళి రిజర్వేషన్ కౌంటరు ముందు వరుసలో నిలబడిన తరానికి ఆ మేలు బాగా తెలుసు. టికెట్టు అమ్మడంలో ఈ సైటు నమ్మదగినది. అయితే ప్రయాణం ఎలా కుదుర్చుకోవాలో చెప్పడంలో మాత్రం ఇది సగం పనే చేస్తుంది. మనం అడిగిన రెండు స్టేషన్ల మధ్య, అడిగిన తేదీన ఏ రైళ్ళున్నాయో చూపించి ఊరుకుంటుంది. పక్క స్టేషన్‌లో దిగితే బెర్తు దొరుకుతుందని గానీ, వేరే కోటాలో అడిగితే కింద బెర్తు వస్తుందని గానీ, అదే ఊరికి ఇంకో రైలులో వంద రూపాయలు తగ్గుతాయని గానీ తనంతట తాను చెప్పదు. రైల్వే లెక్క తెలిసినవాడికి చౌకగా, ఖాయంగా దొరికే టికెట్టు, తెలియనివాడికి వెయిటింగ్ లిస్టులో దొరుకుతుంది.

ముందు స్టేషన్ల సంగతి చూద్దాం. హైదరాబాద్ జంట నగరాలకు సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, బేగంపేట స్టేషన్లు ఉండగా 2025 జనవరి 6న చర్లపల్లి కొత్త టెర్మినల్ కూడా ప్రారంభమైంది, సికింద్రాబాద్‌లో పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్ళు అటు మళ్ళాయి. సికింద్రాబాద్ నుంచి అని వెతికితే సైటు ఈ చుట్టుపక్కల స్టేషన్ల రైళ్ళను కూడా కలిపి చూపిస్తుంది. ఇది మంచి సౌకర్యమే గానీ, జాబితాలో రైలు పేరు పెద్దగానూ, అది ఎక్కడి నుంచి బయలుదేరుతుందో ఆ స్టేషన్ పేరు చిన్నగానూ ఉంటాయి కాబట్టి, తొందరలో ఉన్నవారు చర్లపల్లి టికెట్టు కొని సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్ళే ప్రమాదం ఉంది. చౌక విషయం కూడా ఇక్కడే తేలిపోతుంది: నగరానికి పడమటి వైపున్న నిజాంపేటలో ఉండేవారు తెల్లవారుజామున చర్లపల్లి చేరడానికి క్యాబుకు ఇచ్చే డబ్బు విజయవాడ స్లీపర్ టికెట్టును మించిపోతుంది. అలాంటివారికి లింగంపల్లిలో ఎక్కే రైలు పాతిక రూపాయలు ఎక్కువైనా అదే లాభం.

దీనికి పూర్తిగా ఎదురు సమస్య ఇంకొకటి ఉంది: కొన్ని రైళ్ళు మనం వెళ్ళే ఊరికి రాకుండా పక్క స్టేషన్‌లోనే ఆగుతాయి. విశాఖపట్నం స్టేషన్‌లోకి వెళ్ళిన రైలు ఇంజను మార్చుకుని వెనక్కి తిరగాల్సి ఉంటుంది కాబట్టి, హౌరా, చెన్నై మధ్య తిరిగే రైళ్ళలో కొన్ని ఊళ్ళోకి రాకుండా శివార్లలోని దువ్వాడ మీదుగా వెళ్ళిపోతాయి. తిరుపతికి రేణిగుంట అలాంటిది, రెండింటి మధ్య పది కిలోమీటర్ల దూరమే. కాశీకి వెళ్ళేవారు వారణాసి అని మాత్రమే వెతికి ఆగిపోకూడదు; ఇప్పుడు పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పిలుస్తున్న పాత మొగల్‌సరాయి కాశీకి ఇరవై కిలోమీటర్లలోపే ఉంది, సికింద్రాబాద్ నుంచి దానాపూర్ వెళ్ళే రైలు అక్కడ ఆగుతుంది. మా ఊరి నుంచి కాశీ వెళ్ళి వచ్చిన పాతకాలపు వాళ్ళందరికీ మొగల్‌సరాయి పేరు నోటికి వచ్చేది. ఇప్పుడు పేరు మారడంతో తెరమీద ఆ పేరు కనిపించినా అది కాశీ పక్కనే ఉందని కొత్తవారికి తట్టదు.

స్టేషన్ కోడ్‌లు కూడా తెలిసి ఉండాలి. విజయవాడ కోడ్ బీజెడ్ఏ, అది బెజవాడ నుంచి వచ్చింది; కాకినాడ టౌన్ కోడ్ సీసీటీ, అది ఇంగ్లీషువాళ్ళు రాసుకున్న కొకనాడ నుంచి వచ్చింది. వరంగల్ కోడ్ డబ్ల్యుఎల్. వెయిటింగ్ లిస్టును సూచించేదీ అవే రెండు అక్షరాలు కాబట్టి, వరంగల్ నుంచి కొన్న టికెట్టు చూసి కంగారు పడిన బంధువులకు నేను ఒకటి కన్నా ఎక్కువసార్లు సర్దిచెప్పాను.

తేదీల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అర్ధరాత్రి దాటాక వచ్చే రైలుకు మనం స్టేషన్‌లో ఎక్కే సమయానికి క్యాలెండరులో ఏ తేదీ ఉంటుందో ఆ తేదీకే టికెట్టు తీయాలి. మా బాబాయి ఒకసారి 15వ తేదీ రాత్రి భోజనం చేసి బయలుదేరి 12.20కి రైలెక్కుదామనుకుని 15వ తేదీకే టికెట్టు తీసుకున్నారు. ఆ రైలు 14వ తేదీ రాత్రే వెళ్ళిపోయిందని ప్లాట్‌ఫారం మీద టీటీఈ చెప్పేదాకా ఆయనకు తెలియలేదు. అది ఏ సైటు తప్పూ కాదు, మన మాటల్లో రాత్రి అంటే పడుకునేదాకా ఉండేది, రైల్వేకు మాత్రం 00.00 దగ్గర రోజు మారిపోతుంది. అయినా 00.00 నుంచి 03.00 మధ్య రైలు ఎంచుకున్నప్పుడు "ఇది ఫలానా రోజు రాత్రి పడుకోకముందు ఎక్కవలసిన రైలు" అని ఒక్క వాక్యం తెరమీద చూపిస్తే ఎన్నో కుటుంబాలకు మేలు జరుగుతుంది.

ఇందులోనే తక్కువమందికి తెలిసిన ఇంకో లెక్క ఉంది. రిజర్వేషన్ ఎన్ని రోజుల ముందు తెరుచుకుంటుందో లెక్కపెట్టేది మనం ఎక్కే రోజు నుంచి కాదు, రైలు తన మొదటి స్టేషన్‌లో బయలుదేరే రోజు నుంచి. 2024 నవంబరు 1 నుంచి ఈ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. సంక్రాంతికి జనవరి 12న సికింద్రాబాద్‌లోనే బయలుదేరే రైలుకు నవంబరు 13న ఉదయం 8 గంటలకు బుకింగ్ మొదలవుతుంది. అదే ఉత్తరాది నుంచి జనవరి 11న బయలుదేరి 12న వరంగల్ చేరే రైలైతే నవంబరు 12నే తెరుచుకుంటుంది. చివరి రోజుల్లో అదనపు ఛార్జీతో అమ్మే తత్కాల్ టికెట్లకూ ఇదే వర్తిస్తుంది: ఏసీ తరగతులకు 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు, రైలు బయలుదేరే తేదీకి ఒక రోజు ముందు. మనం ఎక్కేది మర్నాడైతే తత్కాల్ రెండు రోజుల ముందే తెరుచుకుని, మనం చూసేసరికి అయిపోయి ఉంటుంది. సైటు ఈ తేదీని లెక్కకట్టి చూపించగలదు, కానీ చూపించదు.

ఇక ధరలు. బ్రిటన్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు అక్కడ ఒకే రైలులో ఒకే ప్రయాణానికి టికెట్టును రెండు మూడు ముక్కలుగా కొంటే చౌకగా పడుతుందని, అలా ముక్కలు చేసి పెట్టే సైట్లే ఉన్నాయని చెబుతుంటాడు. మన దగ్గర లెక్క దీనికి తలకిందులు. మన ఛార్జీల పట్టికలో దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుతుంది కాబట్టి ఒకే టికెట్టుగా కొన్నదే చౌక. రెండు ముక్కలు చేస్తే రిజర్వేషన్ ఛార్జీ రెండుసార్లు, సూపర్‌ఫాస్ట్ ఛార్జీ రెండుసార్లు, ఆన్‌లైన్ సౌకర్య రుసుము రెండుసార్లు పడతాయి. స్లీపర్‌లో రిజర్వేషన్‌కు 20, సూపర్‌ఫాస్ట్‌కు 30 రూపాయలు. థర్డ్ ఏసీలో 40, 45. నలుగురున్న కుటుంబానికి ఈ చిన్న అంకెలే కలిసి ఒక పూట భోజనం ఖర్చవుతాయి.

దగ్గరి ప్రయాణాలకు మరో నియమం ఉంది. స్లీపర్‌లో ఎంత దగ్గరకు వెళ్ళినా కనీసం 200 కిలోమీటర్ల ఛార్జీ కట్టాలి, థర్డ్ ఏసీలో ఈ కనీస దూరం 300 కిలోమీటర్లు. విజయవాడ నుంచి ఏలూరు 60 కిలోమీటర్లు, రాజమండ్రి 150, సామర్లకోట సుమారు 200. అంటే ఒకే రకం రైలులో స్లీపర్‌లో ఏలూరులో దిగినా, రాజమండ్రిలో దిగినా ఛార్జీ ఒకటే. రాజమండ్రిలో దిగేవారు పగటిపూట రత్నాచల్‌లాంటి రైలులో సెకండ్ సిట్టింగ్ తీసుకుంటే చాలా తక్కువలో వెళ్ళిపోవచ్చు. ఈ సంగతి తెలుసుకోవాలంటే జాబితాలో ఒక్కో రైలు కింద ఒక్కో తరగతి గడి మీద నొక్కి, ఖాళీలు వచ్చేదాకా ఆగి, ధర చూసి, మళ్ళీ పక్క గడికి వెళ్ళాలి. పది రైళ్ళు, నాలుగేసి తరగతులు ఉంటే నలభైసార్లు నొక్కాలన్నమాట. అన్ని ధరలూ ఒక వరుసలో పేర్చి చూపించే వీలుంటే ప్రయాణికుడి సమయం, డబ్బు రెండూ మిగులుతాయి. ఈ సేవలో నాకు అన్నిటికన్నా పెద్ద లోటుగా కనిపించేది ఇదే.

రైలు నంబరు చూసి కూడా కొంత చెప్పవచ్చు. 12తోనూ 22తోనూ మొదలయ్యే నంబర్లు సూపర్‌ఫాస్ట్‌వి, 17తో మొదలయ్యేవి మామూలు ఎక్స్‌ప్రెస్‌లు. సికింద్రాబాద్, విశాఖల మధ్య రాత్రి ప్రయాణానికి గంట ఆలస్యమైనా ఫరవాలేదనుకునేవారు సూపర్‌ఫాస్ట్ రుసుము లేని రైలు ఎంచుకోవచ్చు. త్రీ ఈ అని రాసి ఉండే ఏసీ ఎకానమీ తరగతిని చాలామంది అర్థం కాక వదిలేస్తారు. మామూలు థర్డ్ ఏసీ కన్నా ధర కొంచెం తక్కువ, బెర్తులు కొంచెం ఇరుకు, అంతే. వందే భారత్‌లో టికెట్టు తీసేటప్పుడు భోజనం వద్దని ఎంచుకుంటే దాని ధర తగ్గుతుంది, ఇంటి నుంచి పులిహోర కట్టుకుని వెళ్ళే కుటుంబాలు ఈ ఎంపికను తప్పక చూసుకోవాలి. ఢిల్లీ వెళ్ళేవారికి మరొక మాట: రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్ళలో 2016 సెప్టెంబరు నుంచి బెర్తులు 10 శాతం చొప్పున అమ్ముడవుతున్నకొద్దీ ధర కూడా మెట్లుమెట్లుగా పెరుగుతుంది. సికింద్రాబాద్ రాజధానికి ఆలస్యంగా టికెట్టు తీసేవారు అదే రోజు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ధర కూడా చూడాలి, అందులో ఈ పెరుగుదల లేదు.

కోటాల గురించి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే బెర్తు దొరకడం దొరకకపోవడం చాలావరకు వీటి మీదే ఆధారపడుతుంది. ఒకే రైలులో ఒకే తరగతికి వెయిటింగ్ లిస్టు ఒక్కటి కాదు. రైలు బయలుదేరే స్టేషన్ నుంచో, దానికి దగ్గరి స్టేషన్ల నుంచో దూరం వెళ్ళేవారికి జనరల్ లిస్టు, మధ్యలోని పెద్ద స్టేషన్లకు రిమోట్ లొకేషన్ లిస్టు, మధ్యలో ఎక్కి మధ్యలోనే దిగేవారికి పూల్డ్ కోటా లిస్టు, తత్కాల్‌కు దాని లిస్టు. బెర్తుల్లో పెద్ద వాటా జనరల్ కోటాదే కాబట్టి అందులో 40వ నంబరు ఖాయం కావచ్చు, పూల్డ్ కోటాలో 8వ నంబరు కూడా చివరిదాకా కదలకపోవచ్చు. తత్కాల్ లిస్టు అన్నిటికన్నా కఠినమైనది, అందులో ఆర్ఏసీ (ముందు కూర్చునే చోటు ఇచ్చి, బెర్తు ఖాళీ అయితే ఇచ్చే పద్ధతి) ఉండదు, చార్టు, అంటే బయలుదేరే ముందు తయారయ్యే బెర్తుల జాబితా, వేసేసరికి ఖాయం కాకపోతే టికెట్టు దానంతట అదే రద్దవుతుంది.

దీనికి మార్గం ఉంది. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్ళే తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ నుంచి వెయిటింగ్ చూపిస్తుంటే, చెన్నై నుంచి ఢిల్లీకి అడిగి చూడండి. అక్కడ బెర్తు ఉంటే టికెట్టు చెన్నై నుంచే కొని, అదే పేజీలో ఎక్కే స్టేషన్ విజయవాడ అని ఎంచుకోవచ్చు. దూరం ఎక్కువైనందుకు కొంత అదనంగా పడుతుంది, కానీ అది తత్కాల్ కట్టే దానికన్నా చాలాసార్లు తక్కువే. ఎక్కే స్టేషన్ మార్చుకోవడం మాత్రం మరవకూడదు. మార్చకపోతే చెన్నైలో మనం ఎక్కలేదని ఆ బెర్తు వేరొకరికి ఇచ్చేస్తారు. ఈ పద్ధతి రైల్వే నియమాలకు లోబడినదే. అయినా నాకు ఇది మనసుకు పట్టదు. విజయవాడ ప్రయాణికుడు ప్రయాణం చేయని నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లకు డబ్బు కట్టవలసి రావడం న్యాయం కాదు.

మా పెద్దమ్మను కాశీకి పంపినప్పుడు కోటా విలువ నాకు బాగా అర్థమైంది. "ఒరే, కింద బెర్తు కాకపోతే నేను రానురా, ఈ మోకాళ్ళతో పైకెక్కలేను" అని ఆవిడ ముందే చెప్పేసింది. పెద్దమ్మ, పెదనాన్న, వాళ్ళతో వెళ్ళే మా అన్నయ్య, వదిన, మొత్తం నలుగురు. నలుగురికీ ఒకే టికెట్టు తీస్తే కింద బెర్తు కావాలని కోరుకోవడం వరకే మన పని, రావడం రాకపోవడం కంప్యూటరు చేతిలో ఉంటుంది. వెతికే పేజీలో తేదీ, తరగతి పక్కన జనరల్ అని ఉండే చిన్న గడిని నొక్కితే లోయర్ బెర్త్, సీనియర్ సిటిజన్ అనే కోటా వస్తుంది. 60 ఏళ్ళు దాటిన మగవారికి, 45 ఏళ్ళు దాటిన ఆడవారికి ఇది ఉంది, కాకపోతే టికెట్టులో ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. అందుకని పెద్దవాళ్ళిద్దరికీ ఆ కోటాలో ఒక టికెట్టు, అన్నావదినలకు జనరల్‌లో మరొకటి తీశాను. పెద్దవాళ్ళిద్దరికీ కింద బెర్తులే వచ్చాయి, అన్నయ్యవాళ్ళది పక్క బోగీ అయింది. దీనికి అదనపు ధర ఏమీ లేదు. 2020 మార్చిలో పెద్దవాళ్ళకు ఛార్జీల రాయితీ తీసేశాక వాళ్ళకు మిగిలిన ముఖ్యమైన వెసులుబాటు ఇదే. వయసు అంకె వేయగానే సైటు దీన్ని ఎదురుగా చూపించాలి. ఒక చిన్న గడిలో దాచి ఉంచడం సరికాదు.

రెండు రైళ్ళు మారవలసిన ప్రయాణానికి కూడా మంచి సదుపాయం ఒకటుంది. రెండు టికెట్లలో ప్రయాణికుల పేర్లు, వివరాలు ఒకటే అయి, మొదటి రైలు దిగే స్టేషన్, రెండోది ఎక్కే స్టేషన్ ఒకటే అయినా ఒకే ఊరివైనా, రెండు పీఎన్‌ఆర్‌లను కలిపి ఉంచుకోవచ్చు. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, గడువులోగా అడిగినవారికి రెండో టికెట్టు డబ్బు రద్దు ఛార్జీ లేకుండా వెనక్కి వస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి ఇది అందరికీ ఉంది. వికల్ప్ పథకం విషయంలో మాత్రం ఆలోచించి ఒప్పుకోండి: వెయిటింగ్‌లో ఉన్నవారికి వేరే రైలులో బెర్తు ఇస్తారు, అది మేలే, కానీ ఎక్కే స్టేషనో దిగే స్టేషనో పక్కదానికి మారవచ్చు, ఆ తర్వాత రద్దు చేసుకుంటే ఖాయమైన టికెట్టు రద్దు చేసినట్టే కోత పడుతుంది.

ప్రైవేటు యాప్‌ల సంగతికి వస్తే, వెతకడానికి అవి చాలాసార్లు అసలు సైటు కన్నా నయం. తరగతులన్నిటి ధరలు, ఖాళీలు ఒకేసారి చూపిస్తాయి, పక్క స్టేషన్లను సూచిస్తాయి, ముందు స్టేషన్ నుంచి కొంటే బెర్తు ఉందని కూడా చెబుతాయి. కొనే దగ్గరే జాగ్రత్త కావాలి. ఒక యాప్‌లో నలుగురికి టికెట్టు తీస్తుండగా, రద్దు చేసుకుంటే మొత్తం డబ్బు వాపసు అనే గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. నేను చూసుకోలేదు, నాలుగు వందల రూపాయల దాకా అదనంగా పోయాయి. అదే యాప్ 90 శాతం ఖాయమవుతుందని చెప్పిన పూల్డ్ కోటా టికెట్టు చార్టు వేసేదాకా వెయిటింగ్‌లోనే ఉండిపోయింది. అప్పటి నుంచి వెతకడం అక్కడ, కొనడం ఐఆర్‌సీటీసీలో చేస్తున్నాను. ఇక్కడ యూపీఐతో కడితే సౌకర్య రుసుము నాన్ ఏసీకి 10, ఏసీకి 20 రూపాయలు, కార్డుతోనైతే 15, 30, పైన జీఎస్టీ. తలకు కాదు, టికెట్టుకు. టికెట్టు రద్దు చేసినా ఈ రుసుము తిరిగి రాదు.

తత్కాల్‌కు 2025 జులై నుంచి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి అయింది, మొదటి అరగంట ఏజెంట్లకు అవకాశం ఉండదు. ఇది సరైన నిర్ణయమని నా నమ్మకం. అయితే స్లీపర్‌లో తత్కాల్ అదనపు ఛార్జీ 100 నుంచి 200 రూపాయలు, థర్డ్ ఏసీలో 300 నుంచి 400, పైగా ఖాయమైన తత్కాల్ టికెట్టు రద్దు చేస్తే పైసా తిరిగి రాదు. ఒంటరిగా, తేలికపాటి సంచితో వెళ్ళేవారు తత్కాల్ కట్టేముందు మొదటి చార్టు వేశాక మిగిలిన ఖాళీలను చూడటం మంచిది. అప్పుడు దొరికే కరెంట్ బుకింగ్ టికెట్టుకు తత్కాల్ రుసుము ఉండదు, మామూలు ఛార్జీయే. పండగ రోజుల్లో దీన్ని నమ్ముకోవద్దు. మామూలు వారంలో, మంగళవారమో బుధవారమో రాత్రి సికింద్రాబాద్ నుంచి విజయవాడ వెళ్ళడానికి నాకు చాలాసార్లు ఇలాగే బెర్తు దొరికింది.